ఎనిమిది లెక్కపెట్టాక

పోయిన వారం మిమ్మల్ని మా గుమ్మం దగ్గర నిలబెట్టి వెళ్ళిపోయాను. బయట ఎవరో తలుపు తడుతున్నారు. లోపల నేను తీసేది లేదని గడియ మీద చెయ్యేసి నిలబడ్డాను. మా ఆయన మిలూద్ ఆ చప్పుడు వేరే ఇంటిదన్నట్టు గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. కొత్తగా వచ్చినవాళ్ళ కోసం జరిగింది రెండు ముక్కల్లో చెప్పేస్తాను. పాతవాళ్ళు కాస్త ఓపిక పట్టండి, ఎన్నిసార్లు చెప్పినా ఇది నాకు తేలికయ్యే కథ కాదు.

మిలూద్ మా ఊరు ఒరాన్ రేవులో క్రేను నడుపుతాడు. అది కూటి కోసం. ప్రాణం మాత్రం బాక్సింగ్ మీదే. కుర్రతనంలో తనూ కొట్టాడు, దెబ్బలూ తిన్నాడు, వయసు మళ్ళాక రిఫరీ అయ్యాడు. ఆ తలుపు చప్పుడుకు వారం ముందు, శుక్రవారం నాటి ఊరి ఫైనల్లో మా సీదీ ఎల్ హువారీ పేట కుర్రవాడు బెనావుదా, హమ్రీ పేటవాడితో తలపడ్డాడు. రెండో రౌండులో దవడ మీద దెబ్బ తిని బెనావుదా పడిపోయాడు. లేచాడు. మిలూద్ నియమం ప్రకారం ఎనిమిది లెక్కపెట్టి, వాడి గ్లవ్స్ పట్టుకుని చూసి, ఒక మాట అడిగి, ఆట సాగనిచ్చాడు. మూడో రౌండులో వాడు విరుచుకుపడి గెలిచాడు కూడా. హాలు హాలంతా రింగు మీదికి ఎక్కింది. ఆపకుండా వదిలినందుకు మిలూద్ నుదుటిని ముద్దు పెట్టుకున్నవాళ్ళున్నారు. ఒక అరగంట సేపు మా ఆయన ఒరాన్ మొత్తానికీ గొప్ప రిఫరీ. ఆ తర్వాత బట్టలు మార్చుకునే గదిలో, బూటు లేసు విప్పబోయి బెనావుదా ముందుకు ఒరిగిపోయాడు. తలలో రక్తం గడ్డకట్టిందని పెద్దాసుపత్రిలో పుర్రె తెరిచారు. మళ్ళీ రక్తం కారిందని మళ్ళీ తెరిచారు. తలుపు చప్పుడైన రోజుకు వాడింకా కళ్ళు విప్పలేదు.

వాడి తల్లి సెత్తీ. మా వీధి వీధంతా తినేది ఆమె కాల్చే పెనం రొట్టెలే. మొగుడు చేపల పడవ మీద వెళ్ళి సముద్రంలో పోయాక ఆ పెనం మీదే పిల్లవాణ్ణి పెంచింది.

ఇక తలుపు దగ్గరికి వద్దాం.

నేను తీయననడానికి కారణముంది. అంతకు ముందు రోజు ఎవరో మా గుమ్మంలో చేపలు కడిగిన నీళ్ళు కుమ్మరించి పోయారు. ఆ కంపు ఎంత కడిగినా పోలేదు. ఈసారి ఏం తెచ్చారోనని నా భయం. మూడోసారి తట్టినప్పుడు మిలూద్ గోడ వైపు చూస్తూనే, "తియ్యవే. కొట్టేవాళ్ళయితే కొట్టనీ" అన్నాడు. వారం మొత్తంలో అతని నోట వచ్చిన పెద్ద మాట అదే. తీశాను.

ఎదురుగా సెత్తీ నిలబడి ఉంది. ఒక్కతే. చేతిలో గుడ్డలో చుట్టిన రెండు రొట్టెలు.

"ఉత్త చేతులతో రాలేకపోయాను వదినా" అంది. "పొయ్యి వెలిగించకపోతే చేతులు ఊరుకోవట్లేదు. అందుకని కాల్చాను."

నేను ఆ రొట్టెలు అందుకున్నాను. ఇంకా వెచ్చగా ఉన్నాయి. ఆమె వచ్చి తిట్టి ఉంటే నాకు తిరిగి తిట్టడం చేతనవును, నా నోటి సంగతి వీధిలో అందరికీ తెలుసు. జుట్టు పట్టుకుని ఉంటే పట్టుకోనిచ్చేదాన్ని. రొట్టెలు తెస్తే ఏం చెయ్యాలో నాకెవరూ నేర్పలేదు. లోపలికి రమ్మని, కాఫీ పెడతానని గొణిగి వంటింట్లోకి పోయాను. అక్కడ చక్కెర డబ్బా మూత తీయడం చేతకాక కాసేపు ఏడ్చాను.

కాఫీ తెచ్చేసరికి సెత్తీ చాప మీద కూర్చుని ఉంది. మిలూద్ నిలబడే ఉన్నాడు. కూర్చో అన్నా అని ఆమె రెండుసార్లు అన్నాక కూర్చున్నాడు. క్షమించమని ఏదో మొదలుపెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టింది. అవన్నీ ఇంకో రోజుకు ఉంచుకోమంది.

"హాల్లో ఉన్న ప్రతివాడూ నా దగ్గరికి వచ్చి చెప్పాడు. ఎలా పడ్డాడో, ఎలా లేచాడో, ఎలా గెలిచాడో. నువ్వొక్కడివే రాలేదు. వాడికి అందరికంటే దగ్గర నిలబడ్డది నువ్వు. నాకు నీ నోటి నుంచి వినాలని ఉంది" అంది.

నాకు ఉండబట్టలేదు. అతని తరఫున నేనే అందుకున్నాను. బాక్సింగ్ సంఘం పెద్దలు ఇద్దరు మా ఇంటికి వచ్చారనీ, నియమం ఈయన పక్కనే ఉందని చెప్పి వెళ్ళారనీ అన్నాను. పిల్లవాడు తనంతట తాను లేచాడు, నిటారుగా నిలబడ్డాడు, చేతులు పైకెత్తాడు, అడిగినదానికి జవాబు చెప్పాడు. ఇంతకంటే మనిషన్నవాడు ఏం చూడగలడు, ఈయన కంటికి పుర్రె లోపల కనిపిస్తుందా అని వాదించాను. వారం నుంచి నేను పట్టుకు వేళ్ళాడుతున్నది ఆ ఒక్క మాటనే. అన్నం సహించనప్పుడల్లా, నిద్ర రానప్పుడల్లా దాన్నే తలుచుకున్నాను. వాడు జవాబు చెప్పాడు.

"ఏమని చెప్పాడు?" అంది సెత్తీ.

తడుముకోకుండా చెప్పాను. ఈయన లాబాస్ అని అడిగాడు, కులాసాయేనా అని. వాడు లాబాస్, హమ్దుల్లా అన్నాడు, కులాసాయే, దేవుడి దయ అని. తడబడకుండా అన్నాడు, మొదటి వరసలో కూర్చున్నవాళ్ళకు కూడా వినబడింది.

సెత్తీ నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

"వదినా, ఇప్పుడు మీ మెట్లెక్కుతుంటే కింది వాటా ముసలాయన ఎదురయ్యాడు. లాబాస్ అన్నాడు. నేనేమన్నానో తెలుసా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"లాబాస్, హమ్దుల్లా అన్నాను. నా బిడ్డ తలకు కుట్లు వేసుకుని పడి ఉంటే అన్నాను. వాడి నాన్నను సముద్రంలోంచి తెచ్చి ఇసుక మీద పడుకోబెట్టిన రోజు ఎవరో అడిగారు, ఆరోజూ అదే అన్నాను. పురిటి నొప్పుల్లో మంత్రసాని అడిగితే పళ్ళు బిగబట్టి అదే అన్నాను. మనలో ఎవరు ఇంకో మాట అంటారు చెప్పు. నోరంటూ ఉంటే శవం కూడా అదే అంటుంది."

ఎన్నిసార్లు అనలేదు నేను మాత్రం? పన్ను పోటుతో చెంప వాచిపోయి దుకాణానికి వెళ్ళినప్పుడు, మా అమ్మను పాతిపెట్టి వచ్చిన మర్నాడు, ముందు రోజు ఆ చేపల నీళ్ళు కడుగుతూ. దేవుడి మీద నిష్ఠూరం పడకూడదని చిన్నప్పుడే నేర్పుతారు. పడిపోయి లేచినవాణ్ణి బాగున్నావా అని అడిగితే మన పిల్లవాడు బాలేదని అంటాడా? బుద్ధి ఉన్నవాడెవడైనా దాన్ని జవాబనుకుంటాడా? కానీ మా దగ్గర రిఫరీలందరూ అదే అడుగుతారు. వాళ్ళకు నేర్పినవాళ్ళూ అదే అడిగారు. మాట్లాడించి చూడమని నియమాల పుస్తకంలో ఉంటుందట, ఏం మాట్లాడించాలో ఉండదట. మాట్లాడించడమంటే మాకు ముందు నోటికొచ్చేది అదే.

"ఆ మాటకు విలువ లేదని నీకు తెలియదా అన్నా?" అని అడిగింది సెత్తీ. నన్ను కాదు, అతన్ని.

మిలూద్ కాఫీ గ్లాసు కింద పెట్టాడు.

"తెలుసు" అన్నాడు.

ఆగవయ్యా, నిన్నెవరు చెప్పమన్నారు అనబోయాను. ఈలోపే అతను మొదలుపెట్టాడు, ఇక ఆగలేదు. వారం రోజులు కడుపులో దాచుకున్నదంతా, నాక్కూడా చెప్పనిదంతా, ఆమె ముందు పెట్టాడు.

ఆట ఆపడానికి దెబ్బలు ఎన్ని తిన్నాడన్నది లెక్క కాదట. మొహం వాచిందా, రక్తం కారిందా అన్నదీ కాదట. అవి హాల్లోవాళ్ళు చూసేవి. దెబ్బ వస్తున్నప్పుడు మనిషి కన్ను దాన్ని చూడాలి, తల ఇంతైనా పక్కకు తప్పుకోవాలి. దెబ్బ రావడం కనిపించనివాణ్ణి అక్కడికక్కడ ఆపేయాలి, వాడు గెలుస్తున్నా సరే, వాడు వద్దని ఏడ్చినా సరే. లేచి నిలబడ్డవాడు రిఫరీ కళ్ళలోకి చూడాలి. అది చూడటానికే ఆ ఎనిమిది అంకెలూ లెక్కపెట్టేది.

"వాడు నా కళ్ళలోకి చూడలేదు చెల్లెమ్మా. ఇక్కడ చూశాడు" అని తన చెవి పక్కన గాలిలో చెయ్యి పెట్టి చూపించాడు. "అక్కడ ఇంకో నేను నిలబడ్డట్టు అక్కడికి చూసి చెప్పాడు. నేను చూశాను. చూడలేదని ఎవరికైనా చెబితే అబద్ధం."

చూశాడట. సంఘం పెద్దలకు చెప్పలేదు, నాకు చెప్పలేదు. నేనిక్కడ వారం నుంచి వచ్చిన ప్రతివాడితోనూ పోట్లాడుతున్నాను, మా ఆయన నియమం తప్పలేదని. ఆ క్షణంలో నాకు అతని మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఎందుకు చూశావు, చూసినవాడివి ఎందుకు ఆపలేదు, ఆపనివాడివి ఎందుకు చెప్పావు?

ఎందుకు ఆపలేదో ఆమె అడిగింది. అతను చెప్పాడు, చెప్పకపోయినా నాకు తెలుసు. మా పెద్దవాడి పెళ్ళికి ముందు ఏడాది పొరుగూరు బెల్ అబ్బెస్‌లో ఒక పోటీ మొదటి రౌండులోనే ఆపేశాడు. ఆగిన వెంటనే ఆ కుర్రవాడు రింగులో గంతులు వేసి, నాకేం కాలేదు చూడండి చూడండి అని అరిచాడు. వాడి మనుషులు మిలూద్ మీదికి వచ్చారు. జనం నారింజ తొక్కలు విసిరారు. ఆ వార్త మా కంటే ముందు ఒరాన్ చేరింది. బజారులో టమాటాలవాడు నన్ను పిలిచి, మెత్తబడినవి తీసుకో అక్కా, మీ ఆయన గట్టి సరుకు చూడలేడట కదా అన్నాడు. నా సొంత తమ్ముడు అతనికి నర్సమ్మ అని పేరు పెట్టాడు. ఆ తర్వాత చాలా కాలం మిలూద్‌కు బుడ్డపిల్లల ఆటలు తప్ప మరేమీ ఇవ్వలేదు. మొన్నటి ఫైనల్ ఇచ్చినప్పుడు చొక్కా రెండుసార్లు ఇస్త్రీ చేయించుకున్నాడు.

"ఆపినప్పుడు ఎవడూ చావడు చెల్లెమ్మా" అన్నాడు. "అందుకే ఆపింది ఒప్పని రుజువు ఎక్కడా దొరకదు. ఆపకపోతేనే దొరుకుతుంది. ఇప్పుడు దొరికింది."

సెత్తీ తల వంచుకుని వింది. కాఫీ అడుగుదాకా తాగింది. ఇప్పుడు గ్లాసు గోడకేసి కొడుతుంది, కొట్టనీ అనుకున్నాను. ఆమె దాన్ని జాగ్రత్తగా పళ్ళెంలో పెట్టి, తల గుడ్డ అంచుతో మూతి తుడుచుకుంది.

"జెల్లూల్ వచ్చాడు మొన్న, వాడికి ఆట నేర్పినవాడు. చేతిలో తువ్వాలు పట్టుకునే ఉన్నాడట, విసిరితే ఆట ఆగిపోయేదట. రిఫరీ చూసుకుంటాడులే అనుకున్నాడట. నా కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాడు. నువ్వేమో నా కొడుకే చెబుతాడులే అనుకున్నావు. వాడు దేవుడున్నాడులే అనుకుని ఉంటాడు" అంది. "సరే. నేను వచ్చింది దీనికి కాదు. వచ్చిన పని వేరే ఉంది."

ఆ పనేమిటో ఆమె నిదానంగా చెప్పింది. పొద్దున డాక్టరమ్మ పిలిచిందట. తలలో మళ్ళీ రక్తం చేరుతోంది. మూడోసారి పుర్రె తెరవొచ్చు. తెరిస్తే బల్ల మీదే పోవచ్చు. పోకపోతే ఊపిరి ఉంటుంది కానీ తల్లిని గుర్తుపట్టడు, మాట్లాడడు, నోటికి అందించినా మింగడు. తెరవకపోతే ఒకటి రెండు రోజుల్లో నెమ్మదిగా వెళ్ళిపోతాడు. ఏం చెయ్యాలో తల్లిగా నువ్వే చెప్పాలి, సాయంత్రంలోగా చెప్పాలి అందట.

"మరిది కద్దూర్‌ను అడిగాను. కోయించు, లేకపోతే వదిలేశారని పేటలో అంటారు అన్నాడు. ఇమామ్‌ను అడిగాను. డాక్టర్ల మాట విను అన్నాడు. డాక్టరమ్మను నీ తమ్ముడైతే ఏం చేస్తావు తల్లీ అని అడిగాను. అలాంటివి మేం చెప్పకూడదు అంది. ఎవరూ చెప్పరన్నా. వాడు ఇంకా పోరాడుతున్నాడు అని ఒకరంటారు, చాలించాడు అని ఒకరంటారు, చెప్పమంటే మాత్రం ఎవరూ చెప్పరు. ఎప్పుడు ఆపాలో చెప్పడమే పనిగా ఉన్నవాడు నాకు తెలిసినవాళ్ళలో నువ్వొక్కడివే. నువ్వు వచ్చి వాణ్ణి చూడు. చూసి చెప్పు."

మిలూద్ ముఖం మట్టి రంగుకు తిరిగింది. నేను లేచి వాళ్ళిద్దరి మధ్యా నిలబడ్డాను. సిగ్గు లేకుండా బతిమాలాను. నీ తల ముద్దు పెట్టుకుంటాను సెత్తీ, ఆ మాట ఈయన నోట పలికించకు, ఇప్పటికే సగం పోయాడు, ఇంకో సగాన్ని నాకు ఉండనివ్వు అన్నాను. నీకు కావలసింది ఉసురు తీయడమైతే వీధిలో నిలబెట్టి రాళ్ళేయించు, ఇది మాత్రం అడగొద్దు అన్నాను.

"నాదెంత మిగిలిందో చూశావా వదినా నువ్వు?" అంది ఆమె.

వెనక నుంచి మేకుకు తగిలించిన కోటు తీస్తున్న చప్పుడు వినబడింది.

ముగ్గురం టాక్సీ ఎక్కాం. ఆసుపత్రి రెండో అంతస్తు నడవాలో కద్దూర్ తస్బీహ్ జపమాల పూసలు తిప్పుతూ నిలబడి ఉన్నాడు, పక్కన ఇంకో ఇద్దరు మగవాళ్ళు. మిలూద్‌ను చూడగానే పూసలు జేబులో వేసుకుని చేతులు ఖాళీ చేసుకున్నాడు. వదినా, నీకు మతి పోయిందా, పొడిచినవాణ్ణే కత్తి తీయమని తెచ్చావా అని ఆమె మీద లేచాడు. మూడో ఆపరేషన్ చేయించాల్సిందేననీ, ప్రయత్నించకుండా వదిలేశామని తెలిస్తే పేటలో తలెత్తుకోలేమనీ అన్నాడు. అతను చెడ్డవాడు కాదు. అన్న పోయాక ఆ పిల్లవాడికి బూట్లు కొన్నవాడు అతనే. ఏడ్చే తీరు తెలియక అరుస్తున్నాడు. సెత్తీ అతని వైపు చూడకుండా మిలూద్ మోచెయ్యి పట్టుకుని తలుపు దాకా నడిపించింది.

డాక్టరమ్మ ఇంకా చిన్నది, మా రెండోదాని వయసుంటుంది. కళ్ళ కింద నల్లటి చారలు. మిలూద్‌ను లోపలికి తీసుకెళ్ళింది. నేను అద్దంలోంచి చూస్తూ ఉండిపోయాను.

బెనావుదా తల గుండు చేసి కట్టు కట్టారు. ముఖం మాత్రం మామూలుగానే ఉంది, దవడ మీద ఒక చిన్న నీలం మచ్చ తప్ప. మా ఇంటికి రొట్టెలు తెచ్చే రోజుల్లో మెట్ల మీద నుంచే నన్ను ఖైరత్తా అని కేక పెట్టేవాడు. ఆ మచ్చ చూసి, ఇంత చిన్న దెబ్బా అనుకున్నాను. నా పాపిష్టి బుద్ధి.

మిలూద్ వంగాడు. రింగులో కుర్రవాళ్ళ ముందు నిలబడేటప్పుడు ఎలా ఉంటాడో అలాగే, రెండు కాళ్ళూ దూరంగా పెట్టి. ఈసారి ఏమీ అడగలేదు. పిల్లవాడి రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, కాస్త పైకెత్తి వదిలాడు. డాక్టరమ్మ కనురెప్ప ఎత్తి దీపం వేసింది. మిలూద్ ఆ కంట్లోకి చూశాడు. రెండో రెప్ప ఎత్తింది. దాన్లోకీ చూశాడు. ఆమె దీపం ఆర్పేసిన తర్వాత కూడా అలాగే వంగి ఉన్నాడు. ఇక లేవడేమో అని నాకు భయమేసింది. చివరికి డాక్టరమ్మే అతని భుజం మీద చెయ్యేసి బయటికి తీసుకొచ్చింది.

సెత్తీ బెంచీ మీంచి లేచి నిలబడింది.

"చెల్లెమ్మా" అన్నాడు, "ఆరోజు చూసిన కళ్ళే ఇవి. వీటిని ఎలా నమ్ముతావు?"

"వేరే కళ్ళు నాకెవరిస్తారు?" అంది ఆమె. తర్వాత డాక్టరమ్మ వైపు తిరిగి, ఈయన ఎలా చెబితే అలా చెయ్యమనీ, తన మాట కూడా అదేననీ చెప్పింది. నేను ఇక్కడుంటే ఈయనకు నోరు రాదు అని నడవా చివరికి వెళ్ళిపోయింది. అక్కడ కిటికీ దగ్గర, మాకు వీపు పెట్టి, ఊచలు పట్టుకుని నిలబడింది. కింద నుంచి కారు హారన్లు వినబడుతున్నాయి.

డాక్టరమ్మకు ఏం చెయ్యాలో తోచలేదు. మీరు పిల్లవాడికి ఏమవుతారు అని మిలూద్‌ను అడిగింది.

"రిఫరీని" అన్నాడు.

ఆమెకు అర్థమయ్యాక తల దించుకుంది. ఆపరేషన్ థియేటర్ సిద్ధంగా ఉందని, ఇంక ఎక్కువ సేపు ఆపి ఉంచలేనని నెమ్మదిగా చెప్పింది. కద్దూర్ దగ్గరికి వచ్చి మిలూద్ ముఖంలో ముఖం పెట్టాడు. "చూసుకుని మాట్లాడు. ఒకసారి చంపింది చాలక రెండోసారి కూడా నీ చేత్తోనే చంపావనిపించుకోకు." మిలూద్ అతన్ని తొయ్యలేదు, పక్కకు జరగలేదు. నేను అతని కోటు వెనక పట్టుకుని ఉన్నాను. వద్దు, తెలియదని చెప్పెయ్యి, దేవుడి ఇష్టమని చెప్పెయ్యి, నలుగురూ చెప్పినట్టే చెప్పి ఇంటికి రా అని లోపల్లోపల వేడుకుంటున్నాను.

మిలూద్ పెదాలు కదిలాయి.

"ఏమన్నారు?" అంది డాక్టరమ్మ. ఆమెకు వినబడలేదు. నాకు వినబడింది.

అతను ఊపిరి పీల్చుకున్నాడు. ఈసారి రింగులో అనే గొంతుతో అన్నాడు. ఆఖరి వరసదాకా వినబడాలని, అటూ ఇటూ ఎవరికీ అనుమానం ఉండకూడదని అనే గొంతు అది. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఇంట్లో ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

"ఆపండి. ఇక చాలు."

నడవాలో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. కద్దూర్ గోడకు ఆనుకుని, అలాగే జారి కింద కూర్చుండిపోయాడు. ఒకటి మాత్రం అనుకున్నాను, నిజం చెబుతున్నాను. ఎంత ఘోరమైనా అయిపోయింది, ఆమె అడిగిందే ఇచ్చాడు, ఇక ఇంటికి పోయి ఏడ్చుకోవచ్చు అనుకున్నాను.

అప్పుడు చెప్పుల చప్పుడు వినబడింది. సెత్తీ పరుగెత్తుకుంటూ వస్తోంది. తల మీద గుడ్డ జారిపోయింది, ఒక కాలి చెప్పు దారిలోనే ఊడిపోయింది. వచ్చిన విసురుకు మిలూద్ రెండడుగులు వెనక్కు పడ్డాడు. ఆమె అతని చొక్కా కాలరు రెండు చేతులా పట్టుకుంది.

"ఎందుకు ఆపావు? ఏమైంది వాడికి? బాగానే ఉన్నాడు నా కొడుకు. పొద్దున నేను చెయ్యి పట్టుకుంటే వేలు కదిలించాడు. నువ్వు సరిగా చూడలేదు. పోయి మళ్ళీ చూడు. ఇంకొక్కసారి ఆడనివ్వు వాణ్ణి, ఒక్కసారి."

నేను ఆమె చేతులు విడిపించబోయాను. మిలూద్ వద్దని తల ఊపాడు. కాలరు ఆమె పిడికిట్లోనే ఉండనిచ్చి, చేతులు రెండూ కిందికి వేలాడేసి, ఆమె కళ్ళలోకి చూశాడు.

"ఆపేశానమ్మా" అన్నాడు.

ఆమె అతన్ని ఊపేసింది. గుండెల మీద గుద్దింది. అతను అన్నీ తీసుకున్నాడు. లోపల పిల్లవాడి మంచం పక్కన యంత్రం ఒకే తీరున కూస్తూనే ఉంది. థియేటర్ వైపు తలుపు తెరుచుకుని, ఎవరో తోపుడు మంచం తీసుకుని రావాలా వద్దా అని కేకేసి అడిగారు. డాక్టరమ్మ వాళ్ళను ఉండమని చెయ్యి చూపి, సెత్తీ దగ్గరికి వచ్చింది.

"అమ్మా, ఆయన మాట నాకు సరిపోదు. కన్నతల్లివి నువ్వు చెప్పాలి. తీసుకెళ్ళనా, వద్దా?"

సెత్తీ గుద్దడం మానింది. కాలరు మాత్రం వదల్లేదు. అలా పట్టుకునే డాక్టరమ్మ వైపు తిరిగి నోరు తెరిచింది. ఆమె ఏమందో వచ్చే వారం చెబుతాను.